మహమ్మారి ఫ్లూ టీకా శిబిరానికి పంచాయతీ నిధులను ఎలా వెచ్చించాలి?

"టీకా శిబిరం పెట్టమని ఆరోగ్య శాఖ చెప్పింది, ఖర్చు ఏ పద్దులో రాయమంటారు?" 2021 వేసవి నుంచి సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. మండల స్థాయిలో పంచాయతీల లెక్కలు చూసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. కోవిడ్ నాటి అనుభవమే దీనికి ఆధారం. రేపు కొత్త రకం ఫ్లూ మహమ్మారిగా వచ్చినా ఊళ్లో చేయవలసిన పని దాదాపు ఇదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామ పంచాయతీలను దృష్టిలో పెట్టుకుని రాశాను. పురపాలక సంఘాల వారికి పద్దుల పేర్లు వేరుగా ఉంటాయి గాని, వరుస ఇదే.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. టీకా మందు కొనడం పంచాయతీ పని కాదు. 2021 మే నెలలో కోటి డోసుల కోసం రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలూ అంతర్జాతీయ టెండర్లు పిలిస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు. రాష్ట్రాలకే దొరకని మందును పంచాయతీ వెతుక్కోబోవడంలో అర్థం లేదు. పైగా నిల్వ, నాణ్యత, టీకా తర్వాత వచ్చే ఇబ్బందులు, వీటన్నిటి బాధ్యతా నెత్తిన పడుతుంది. టీకా ఉన్న చోటికి మనిషి చేరి, వేయించుకుని, క్షేమంగా ఇంటికి వెళ్లేదాకా అయ్యే ఖర్చును భరించడం పంచాయతీ చేయగల పని. అది చిన్న పనేమీ కాదు. వాహనం లేక తండాలోనే ఉండిపోయిన ముసలివాళ్లకు, ఫ్రిజ్‌లో మందు ఎంత ఉన్నా ఉపయోగం లేదు.

కావలసినవి

పని మొదలుపెట్టే ముందు ఈ కాగితాలు, వివరాలు బల్ల మీద ఉండాలి: పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వైద్యాధికారి సంతకంతో శిబిరం తేదీలు, స్థలం తెలిపే లేఖ, ఆవాసాల వారీగా టీకా వేయవలసిన వారి సంఖ్య, ఇది ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది, పంచాయతీ ఖాతాలన్నిటిలో ఆ రోజుకు ఉన్న నిల్వలు, ఆ ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ప్రతి, కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధుల వినియోగంపై అమలులో ఉన్న తాజా ఉత్తర్వు, తీర్మానాల పుస్తకం, చెల్లింపులను కంప్యూటరులో ఆమోదించడానికి పనిచేస్తున్న డిజిటల్ సంతకం కీలు. ఆఖరిది తేలిగ్గా తీసుకోకండి. కీ గడువు తీరిపోయిన సంగతి చెల్లింపు రోజున బయటపడి, షామియానా యజమాని నెలల తరబడి పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగిన సందర్భాలు నేను చూశాను.

చేయవలసిన పనులు, వరుసగా

1. లేఖ తీసుకోండి. నోటిమాట మీద శిబిరానికి ఖర్చు పెట్టకండి. వైద్యాధికారి లేఖలో తేదీలు, రోజుకు ఎన్ని డోసులు వస్తాయి, ఒక్కొక్కరికి ఎన్ని డోసులు, మొదట ఏ వర్గం వారికి అన్న నాలుగూ ఉండాలి. అత్యవసరంలో లేఖ ఆలస్యమైతే, వైద్యాధికారి పంపిన వాట్సాప్ సందేశాన్ని ముద్రించి, దాని మీద కార్యదర్శి తేదీతో సంతకం చేసి ఫైలులో పెట్టవచ్చు. అసలు లేఖ వచ్చిన వెంటనే దానికి జతచేయాలి.

డోసుల గురించి ఎందుకు అడగాలో చెప్తాను. 2009 మే నెలలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. దేశంలో తయారైన తొలి టీకా 2010 జూన్‌లో గాని రాలేదు. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ టీకా ఆ అక్టోబరులో వచ్చింది. అప్పటికే, ఆగస్టు 10న, మహమ్మారి ముగిసిందని ప్రకటన కూడా వెలువడింది. మహమ్మారి టీకా ఆలస్యంగా, విడతలు విడతలుగా, మొదట ఆరోగ్య సిబ్బందికి, ఆ తర్వాత గర్భిణులు, వృద్ధులు, దీర్ఘవ్యాధులున్న వారి వంటి వర్గాలకు వస్తుంది. ఈ సంగతి ఆలోచించకుండా నెల రోజులకు షామియానా మాట్లాడేస్తే డబ్బంతా ఖాళీ కుర్చీలకు పోతుంది.

2. ఎవరు ఏమి ఇస్తున్నారో రాసుకోండి. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: ఆరోగ్య శాఖ, పంచాయతీ, దాతలు. టీకా, సిరంజీలు, టీకా పెట్టె, ఐస్‌ప్యాకులు, సూదులు కోసే పరికరం, అత్యవసర మందుల కిట్టు, ఇవన్నీ ఆరోగ్య శాఖ గడిలో ఉండాలి. నీడ, కుర్చీలు, తాగునీరు, చాటింపు, ఆవాసాల నుంచి వాహనం, చేతులు కడుక్కునే ఏర్పాటు, మామూలు చెత్త తొలగింపు, ఇవి పంచాయతీవి. టీకా పెట్టెను పీహెచ్‌సీ నుంచి తెచ్చే వాహనం ఎవరిదన్నది చాలాచోట్ల తేలకుండా ఉండిపోతుంది, తర్వాత రెండుచోట్లా బిల్లు పడుతుంది. ఆడిట్‌లో అన్నిటికన్నా చెడ్డ అభ్యంతరం ఇదే. కాబట్టి ఆ కాగితం కింద వైద్యాధికారి, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేయాలి.

3. పద్దు ఎంచుకోండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కనుక కొంచెం నిదానంగా చదవండి.

ఇంటి పన్ను, లైసెన్సు రుసుముల వంటి సొంత ఆదాయంతో కూడిన సాధారణ నిధి అన్నిటికన్నా స్వేచ్ఛ ఉన్న పద్దు. రాజ్యాంగం 243-జి అధికరణ కింద పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం కాబట్టి, శిబిరం ఖర్చు పంచాయతీ విధుల పరిధిలోనిదే. అయితే ఈ నిధి బిల్లులు ట్రెజరీ ద్వారా నడిచేచోట టోకెన్ (బిల్లు అందినట్టు ట్రెజరీ ఇచ్చే నంబరు) పడ్డాక కూడా డబ్బు చేతికి రావడానికి సమయం పట్టవచ్చు. ఆ సంగతి సరుకు ఇచ్చేవారికి ముందే చెప్పడం మర్యాద. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సర్పంచ్‌కూ ఉపసర్పంచ్‌కూ ఉమ్మడి చెక్ పవర్ ఉంది కనుక, వారిద్దరికీ మాట కలవకపోతే శిబిరం బిల్లు కూడా ఆగుతుంది. ఇద్దరినీ మొదటి సమావేశంలోనే కూర్చోబెట్టండి.

రెండోది ఆర్థిక సంఘం నిధి. 2021-22 నుంచి 2025-26 వరకు వర్తించిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడిన వాటా. మిగిలిన 40 శాతం, అన్‌టైడ్ అని మనం పిలుచుకునేది, స్థానిక అవసరాలకు వాడుకోదగినది. జీతాలకు, కార్యాలయ నిర్వహణకు మాత్రం వాడరాదు. 2021 మే 8న కేంద్రం 25 రాష్ట్రాల గ్రామీణ స్థానిక సంస్థలకు రూ. 8,923.8 కోట్లను ముందుగానే విడుదల చేసినప్పుడు, అది అన్‌టైడ్ మొదటి విడత అనీ, కోవిడ్ నివారణ చర్యలకు కూడా వాడుకోవచ్చనీ చెప్పింది. ప్రతి ఆర్థిక సంఘానికీ వాటాలు, షరతులు మారుతాయి కాబట్టి, పాత శాతాలను పట్టుకుని తీర్మానం రాయకండి. మీరు ఖర్చు పెట్టే ఏడాదికి వర్తించే ఉత్తర్వును చూసి, దాని సంఖ్యను తీర్మానంలో రాయండి.

హెచ్చరిక: 15వ ఆర్థిక సంఘమే స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికని రూ. 70,051 కోట్లు వేరుగా సిఫారసు చేసింది. పేరులో ఆరోగ్యం ఉంది కదా అని శిబిరం షామియానాను అందులో రాయబోయిన వారున్నారు. ఆ డబ్బు ఉపకేంద్రాల భవనాలు, పరీక్షల సదుపాయాలు, బ్లాకు స్థాయి ప్రజారోగ్య విభాగాల వంటి నిర్దిష్టమైన పనులకు ఉద్దేశించినది, శిబిరాలకు కాదు. అలాగే శిబిరంలో పంచిన నీళ్ల సీసాలను తాగునీటి వాటాలో చూపించకండి. ఆ వాటా నీటి సరఫరా పనులకు.

మూడోది గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ కింద వచ్చే ఏడాదికి రూ. 10,000. మొత్తం చిన్నదే. కానీ తండా నుంచి ఆటో, చాటింపు, సబ్బులు వంటి చిల్లర ఖర్చులకు ఇంతకన్నా అనువైన పద్దు లేదు. ఖాతా ఎవరెవరి సంతకాలతో నడుస్తోందో పాస్‌బుక్ తీసి చూసుకోండి. ఏఎన్‌ఎం (ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య శాఖ నర్సు) బదిలీ అయినా పాత పేరే కొనసాగుతున్న ఖాతాలు చాలా ఉన్నాయి.

ఏ పద్దులోనూ డబ్బు లేకపోతే రెండు మార్గాలున్నాయి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధి నుంచి ఖర్చు భరించమని వైద్యాధికారిని రాతపూర్వకంగా కోరవచ్చు, లేదా షామియానా, కుర్చీలు, వాహనం దాతల నుంచి వస్తు రూపంలో తీసుకుని రిజిస్టరులో నమోదు చేయవచ్చు. టీకా వేయించుకునే వారి దగ్గర మాత్రం చందా అడగవద్దు. ఇరవై రూపాయలు అడిగినా సరే, ఆ మాట పక్క ఆవాసానికి "టీకాకు డబ్బులు తీసుకుంటున్నారట" అని చేరుతుంది, మరునాడు ఎవరూ రారు.

4. అంచనా వేయండి. కోవిడ్ టీకాలకు మొదట్లో ఒక శిబిరానికి రోజుకు 100 మంది చొప్పున పెట్టుకున్నారు. ఫ్లూకు కూడా అదే లెక్కతో మొదలుపెట్టవచ్చు. మీ జాబితాలో 540 మంది ఉన్నారనుకుందాం. ఆరు రోజులు, మిగిలిపోయిన వారికి మరొక రోజు, మొత్తం ఏడు. అయిదు గంటల్లో 100 మంది అంటే గంటకు 20 మంది, టీకా తర్వాత అరగంట కూర్చోవాలి కనుక, పరిశీలన స్థలంలో ఒక్కసారికి 10 మంది, ఎదురుచూసేవారు అంతే, మొత్తం 20, పొద్దున్నే అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి దీన్ని రెట్టింపు చేస్తే 40. మరో పది అదనంగా పెట్టుకున్నా 50 కుర్చీలు చాలు. 200 కుర్చీలకు బిల్లు పెట్టిన పంచాయతీని "అంతమంది ఒకేసారి ఎలా కూర్చున్నారు?" అని ఆడిటర్ అడిగితే జవాబు ఉండదు. ఈ లెక్కను అంచనా కాగితం మీదే రాసి పెట్టండి.

వాహనాన్ని ట్రిప్పు లెక్కన గాక రోజు అద్దెకు మాట్లాడండి. గడ్డకట్టిన ఐస్‌ప్యాకును వెంటనే పెట్టెలో పెట్టకూడదు. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడే దాకా బయట ఉంచాలి, లేకపోతే టీకా గడ్డకట్టి పాడవుతుంది. ఫ్లూ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, ఒకసారి గడ్డకడితే మళ్లీ పనికిరాదు. అందుకని పీహెచ్‌సీ దగ్గర వాహనం ఆగవలసి వస్తుంది. ట్రిప్పు లెక్కన మాట్లాడిన డ్రైవరు తొందరపెడతాడు. తెలంగాణలో పంచాయతీ ట్రాక్టరు ఉంది కదా అనుకోవచ్చు. అది నీళ్లకు, చెత్తకు సరే, ముసలివాళ్లను ట్రాలీలో ఎక్కించకండి.

5. తీర్మానం చేయండి. కోరం ఉన్న పాలకవర్గ సమావేశంలో, ఎజెండాలో ముందే చేర్చి, ఖర్చుకు ముందు తేదీతో తీర్మానం ఉండాలి. నమూనా ఇలా ఉంటుంది:

"పీహెచ్‌సీ వైద్యాధికారి గారి తేదీ ...... గల లేఖను సమావేశము నందు చదివి వినిపించడమైనది. మన గ్రామము, దాని ఆవాసములలో ...... తేదీ నుండి ...... తేదీ వరకు జరుగు ఫ్లూ టీకా శిబిరములకు షామియానా, కుర్చీలు, తాగునీరు, ప్రచారము, రవాణా ఖర్చుల నిమిత్తము రూ. ......కు మించకుండా ...... పద్దు నుండి, ...... ఉత్తర్వు నిబంధనలకు లోబడి వెచ్చించుటకు తీర్మానించడమైనది."

"మించకుండా" అన్న మాట వదలకండి. "తదితర ఖర్చులు" అన్న మాట రాయకండి, అభ్యంతరాలన్నీ ఈ "తదితర" కిందికే వచ్చి చేరతాయి. అత్యవసరంగా ముందే కొంత ఖర్చయితే, తరువాతి సమావేశంలో ధ్రువీకరణ తీర్మానం చేసి, కారణం రాయండి. పాత తేదీ వేసి పుస్తకంలో ఇరికించడం మాత్రం పెద్ద తప్పు.

6. ప్రణాళికలో చేర్చండి. ఆర్థిక సంఘం నిధి వాడేటప్పుడు, ఈ పని ఆ ఏడాది అభివృద్ధి ప్రణాళికలో లేకపోతే పంచాయతీల ప్రణాళికలు, చెల్లింపులు నడిచే ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో చెల్లింపు ముందుకు కదలదు. గ్రామసభ ఆమోదంతో సవరించిన ప్రణాళికను అందులోకి ఎక్కించి, పనికి వచ్చిన గుర్తింపు సంఖ్యను ఫైలు మీద రాసుకోండి. ప్రతి ఏటా ప్రణాళికలోనే "అంటువ్యాధుల నివారణ, టీకా శిబిరాలు" అని చిన్న మొత్తంతో ఒక పని ఉంచుకుంటే, అవసరం వచ్చిన రోజున ఆ మొత్తాన్ని పెంచుకుంటే సరిపోతుంది. ఇది నేను అందరికీ చెప్పే సలహా, విన్నవారు ఇప్పటికీ తక్కువే.

7. కొనండి. మీ రాష్ట్ర కొనుగోలు పరిమితుల ప్రకారం కొటేషన్లు తీసుకోండి. "మహమ్మారి కదా, కొటేషన్లు అక్కర్లేదు" అనే మాట తరచూ వినిపిస్తుంది. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 50వ సెక్షన్ టెండరు పద్ధతి నుంచి వెసులుబాటు ఇచ్చేది జాతీయ, రాష్ట్ర, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థల నిర్ణయం మీద. సర్పంచ్ తనంతట తాను దాన్ని వాడుకోలేరు. కలెక్టరు గారి ఉత్తర్వు ఉంటే దాని ప్రతిని బిల్లుకు జతచేయండి, లేకపోతే మామూలు పద్ధతినే పాటించండి.

8. శిబిరం రోజున కార్యదర్శి దగ్గర ఒక నోటుపుస్తకం ఉండాలి. వాహనం నంబరు, బయలుదేరిన, చేరిన సమయాలు, మీటరు రీడింగు, ఎన్ని కుర్చీలు దిగాయి, ఎన్ని నీళ్ల క్యాన్లు వచ్చాయి అన్నవి అప్పటికప్పుడు రాయాలి. డీజిల్ రసీదు మీద బండి నంబరు లేకపోతే ఆ రసీదు చెల్లదనే అనుకోండి.

నీడ గురించి ఒక మాట. 2021లో నేను వెళ్లిన ఒక బడి ఆవరణలో షామియానా పొద్దున్నే చక్కగా వేశారు. పన్నెండు దాటాక ఎండ పడమటి నుంచి కొట్టడం మొదలై, నీడ తూర్పు గోడ వైపు జరిగిపోయింది. కుర్చీలు ఉన్నచోటే ఉన్నాయి. వరుసలో కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు కొంగు నెత్తిన కప్పుకుని, కాసేపు చూసి, లేచి వెళ్లిపోయారు. గేటు దగ్గర అయిదు వేల రూపాయల ఫ్లెక్సీ మాత్రం నిగనిగలాడుతోంది. ఆ రోజు నుంచి ఫ్లెక్సీకి డబ్బు అడిగిన ప్రతిచోటా, పడమటి వైపు పరదా కట్టించారా అని ముందు అడుగుతున్నాను. వీలైతే చెట్టు నీడ గాని, వరండా గాని ఉన్న భవనాన్నే ఎంచుకోండి, సగం ఖర్చు తగ్గుతుంది.

వాడిన సూదులు, సిరంజీలు పంచాయతీ చెత్తబండిలో వేయకూడదు. అవి ఏఎన్‌ఎం ద్వారా పీహెచ్‌సీకే తిరిగి వెళ్లాలి. కప్పులు, కాగితాలు మాత్రమే మన పారిశుద్ధ్య కార్మికులు తీయాలి. ఈ తేడాను వారికి పొద్దున్నే వివరంగా చెప్పండి, వారి చేతులకు గుచ్చుకుంటే దానికి మనమే బాధ్యులం.

9. చెల్లించండి. షామియానా యజమాని, వాహనం యజమాని పేర్లు బ్యాంకు ఖాతాలో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అలాగే నమోదు చేయండి. పేరు కలవకపోతే చెల్లింపు వెనక్కి వస్తుంది. ఈ నమోదు శిబిరానికి వారం ముందే పూర్తి చేయడం మంచిది. ఓచరు తయారు చేసేవారు, దాన్ని సరిచూసి ఆమోదించేవారు వేరువేరు మనుషులు. ఇద్దరి డిజిటల్ కీలూ ఒకరి సొరుగులో ఉండడం మనం మానుకోవలసిన అలవాటు. ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో గౌరవ పారితోషికం ఇవ్వాలని మనసుకు అనిపించడం సహజమే. అన్‌టైడ్ గ్రాంటు నుంచి మాత్రం ఇవ్వకండి. వారికి భోజనం, నీళ్లు, తిరిగి వెళ్లడానికి వాహనం ఏర్పాటు చేయండి.

మార్చి నెలలో శిబిరం జరిగితే 31లోగా చెల్లింపు పూర్తవుతుందో లేదో చూసుకోండి. పూర్తి కాకపోతే ఆ పనిని కొత్త ఏడాది ప్రణాళికలోకి తీసుకెళ్లాలి.

సరిగా జరిగిందో లేదో చూసుకోవడం

బిల్లులు చెల్లించినంత మాత్రాన పని పూర్తి కాలేదు. ముందుగా మొత్తం ఖర్చును టీకా వేయించుకున్న వారి సంఖ్యతో భాగించండి. తర్వాత ఆవాసాల వారీగా విడదీసి చూడండి. ఊరి నడుమ శిబిరంలో తలకు తక్కువ ఖర్చు, తండాలో ఎక్కువ ఖర్చు కనిపిస్తే కంగారు పడకండి. దూరానికి వాహనం పంపితే అంతే అవుతుంది. అన్ని ఆవాసాలకూ ఒకే ఖర్చు వచ్చిందంటేనే అనుమానించాలి, ఎవరో కూర్చుని సమానంగా పంచి రాసి ఉంటారు.

రెండో పరీక్ష కాళ్లకు పని చెప్పేది. అన్నిటికన్నా దూరపు ఆవాసం జాబితాలో పది పేర్లు ఎంచుకుని, ఆ ఇళ్లకు స్వయంగా వెళ్లి అడగండి. వాహనం వచ్చిందా, ఎంతసేపు కూర్చోబెట్టారు, ఎవరైనా డబ్బు అడిగారా? పదిలో ముగ్గురు "బండి రాలేదు" అంటే ఆ రోజు వాహనం బిల్లును ఆపి, నోటుపుస్తకంతో సరిచూడండి. టీకా వేయించుకోని వారి పేర్ల పక్కన కారణం రాయించండి: ఊళ్లో లేరు, భయపడ్డారు, కూలి పోతుందన్నారు, నడవలేరు. నడవలేని వారి ఇంటికే బృందం వెళ్లడానికి మిగులు రోజు డబ్బును వాడవచ్చు, తీర్మానంలో రవాణా ఉంది కాబట్టి అడ్డు లేదు.

మూడోది కాగితాల పరీక్ష. లేఖ, అంచనా, తీర్మానం, కొటేషన్లు, నోటుపుస్తకం, బిల్లు, ఓచరు, ఈ వరుసలో తేదీలు ఒకదాని తర్వాత ఒకటి రావాలి. ఒక్క తేదీ వెనక్కి పోయినా ఆడిట్‌కు ముందే కారణం రాసిపెట్టండి. ఆ తర్వాత ఖర్చుల పట్టికను గ్రామసభలో చదివి, నోటీసు బోర్డు మీద అంటించి, ఒక ప్రతిని వైద్యాధికారికి పంపండి. ఫైలు అట్ట మీద తీర్మానం సంఖ్య, పద్దు పేరు పెద్ద అక్షరాలతో రాసి, మీరు బదిలీ అయిన మరునాడు కొత్తగా వచ్చే కార్యదర్శికి వెతక్కుండానే దొరికేలా బీరువా పై అరలో పెట్టండి.